పోలీసు, అగ్నిమాపక సేవలు: విలీనమా, సమన్వయమా?

అగ్నిప్రమాదం సంభవించిన చోటికి అగ్నిమాపక శకటంతో పాటు పోలీసులూ తక్షణం చేరుకోవలసి ఉంటుంది. ఒకరు మంటలను అదుపుచేసి చిక్కుకున్నవారిని వెలుపలికి తెస్తే, మరొకరు జనసమూహాన్ని, రాకపోకలను నియంత్రిస్తారు. ఈ రెండు విభాగాలను ఒకే శాఖగా మార్చినట్లయితే వ్యయం తగ్గి, వేగం పెరుగుతుందన్న వాదన పలు దేశాల్లో చాలాకాలంగా వినవస్తోంది.

ఇందుకు తరచుగా పేర్కొనే ఉదాహరణ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, తెలుగువారు గణనీయంగా నివసిస్తున్న సన్నీవేల్ నగరం. అక్కడ 1950లోనే ప్రజాభద్రతా శాఖ ఏర్పాటైంది. ఆ శాఖ అధికారులకు పోలీసు విధులు, అగ్నిమాపక విధులు, అత్యవసర ప్రాథమిక చికిత్స మూడింటిలోనూ శిక్షణ ఇస్తారు. గస్తీలో ఉన్న అధికారి అవసరమైతే మంటలార్పే పనికీ దిగగలరు. అయితే సన్నీవేల్ చిన్న పట్టణంగా ఉన్న రోజుల్లోనే ఈ విధానం మొదలైంది. దశాబ్దాల సర్వీసు గల రెండు భారీ యంత్రాంగాలను కలపడం ఇందుకు భిన్నమైన కార్యం. విలీనం చేసి, అనంతరం తిరిగి వేరుచేసిన నగరాలూ అమెరికాలో ఉన్నాయి.

మన రాజ్యాంగం ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలోని అంశం. 1992లో ఆమోదం పొందిన 74వ రాజ్యాంగ సవరణ అగ్నిమాపక సేవలను పురపాలక సంస్థలకు అప్పగించదగిన విధులలో చేర్చింది. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం రెండు విభాగాలూ హోంశాఖ పరిధిలోనే ఉన్నాయి. అగ్నిమాపక శాఖకు సాధారణంగా సీనియర్ ఐపీఎస్ అధికారి నేతృత్వం వహిస్తారు. అంటే పైస్థాయిలో సామీప్యం ఇప్పటికే ఉంది. నియామకాలు, శిక్షణ, పదోన్నతులు, సర్వీసు నిబంధనలు మాత్రం వేర్వేరు.

విలీనంలో మరొక చిక్కు కూడా ఉంది. భవనాలకు నిరభ్యంతర పత్రం జారీచేసేది అగ్నిమాపక శాఖ. ప్రమాదం జరిగితే నిర్లక్ష్యంపై కేసు నమోదు చేసి దర్యాప్తు జరిపేది పోలీసు శాఖ. అనుమతి ఇచ్చిన శాఖే ఆ అనుమతిలోని లోపాలనూ విచారించవలసి వస్తే నిష్పాక్షికతపై సందేహాలు తలెత్తక మానవు.

2025 మే 18న హైదరాబాద్ గుల్జార్‌హౌజ్ వద్ద జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది మరణించారు. భవనంలోకి వెళ్లే దారి, మెట్లు ఇరుకుగా ఉండడం సహాయక చర్యలకు ఆటంకమైంది. ఇటువంటి లోపాలను సరిదిద్దవలసింది ముందస్తు తనిఖీలు, నిబంధనల అమలు ద్వారానే. శాఖల పేర్లు మార్చినంత మాత్రాన మెట్లు వెడల్పు కావు.

విలీనం లేకుండానే వేగం పెంచే మార్గం కూడా ఉంది. పోలీసు, అగ్నిమాపక, అంబులెన్సు సేవలను ఒకే పిలుపుతో అందించే 112 నంబరు విధానం 2018 నవంబరు 28న హిమాచల్ ప్రదేశ్‌లో మొదలై, ఆపై ఇతర రాష్ట్రాలకూ విస్తరించింది. పిలుపు అందుకునే వ్యవస్థ ఒక్కటై, నైపుణ్యాలు వేర్వేరుగా కొనసాగడమే ఇందులోని సారాంశం. దీనికి ఉమ్మడి విన్యాసాలు, ఘటనాస్థలిలో ఎవరి ఆదేశం చెల్లుతుందో తెలిపే స్పష్టమైన నియమావళి తోడైతే, విలీనం వల్ల ఆశించే ప్రయోజనంలో అధికభాగం ప్రజలకు చేకూరుతుంది.