కేబుల్ మన చేలో, కాగితం ఎవరి చేతిలో?

చేను దుక్కి చేసుకుని వాన కోసం చూస్తుంటే గట్టు పక్కన జీపు ఆగుతుంది. నలుగురు దిగి టేపు పట్టి కొలుస్తారు. "ఏంటి బాబూ ఇది?" అని అడిగితే, "ఫోను కేబులు పెద్దాయనా, గవర్నమెంటు పని, ఆపడానికి లేదు" అంటారు. ఈ మాటలో సగమే నిజం. మిగతా సగం తెలియకపోబట్టే చిన్న రైతు నష్టపోతున్నాడు.

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఎవరి భూమిలోనైనా తీగలు, స్తంభాలు వేసే అధికారం ఇచ్చింది. నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. మొదటి మాట ఊళ్లోకి వచ్చింది, రెండోది రాలేదు. 2023 డిసెంబరులో పార్లమెంటు కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేసింది. అందులో భూముల సంగతి చెప్పే భాగం 2024 జూన్ 26 నుంచి, దాని నిబంధనలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

కొత్త చట్టం ప్రకారం పట్టా భూమిలో కేబులు వేయాలన్నా, టవరు నిలపాలన్నా సంస్థ ముందుగా భూమి యజమానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇద్దరూ ఒప్పుకున్న ప్రతిఫలంతో ఒప్పందం రాసుకోవాలి. నష్టం జరిగితే బాగుచేయాలి, లేదా పరిహారం కట్టాలి. సంస్థకు దక్కేది వాడుకునే హక్కే, భూమి మనదే. అయితే రైతు కాదన్నా, ప్రజాప్రయోజనం కోసం అవసరమని కేంద్రం తేలిస్తే ఆ వాడుక హక్కును తీసుకోవచ్చు. తగాదా వస్తే కలెక్టరు దగ్గరికి, పరిహారం పేచీ అయితే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లాలి.

రాతలో బాగానే ఉంది. కానీ ఎకరంన్నర రైతు, వకీళ్లను పెట్టుకున్న కంపెనీ ఎదురెదురుగా కూర్చుంటే అది ఇద్దరి ఒప్పందం అవుతుందా? కేబులు తెగితే పరిహారంతోపాటు 50 లక్షల రూపాయల దాకా జరిమానాకు చట్టంలో వీలుంది. అది ఎంత లోతున, ఎటు పోయిందో తెలియని రైతు బోదె తవ్వేదెలా, బోరు వేసేదెలా? ఇక కౌలుదారు సంగతి ఎవరికీ పట్టదు. చేను తొక్కితే పోయేది అతని పంట, పరిహారం మాత్రం పట్టాదారు పేరున పోతుంది.

అందుకే ప్రభుత్వం మూడు పనులు చేయాలి. ఒప్పందం తెలుగులో ఉండాలి. జిల్లాలో ఇస్తున్న అద్దెలు, పరిహారాలు పంచాయతీ బోర్డు మీద రాయించాలి. పంట నష్టం సాగు చేసినవాడికే అందాలి.

ఈలోగా మన జాగ్రత్త మనది. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయవద్దు. సర్వే నంబరు, కేబులు పొడవు, లోతు, ప్రతిఫలం, పైపులైను పగిలితే ఎవరు బాగుచేయాలి అన్నవన్నీ రాయించి, నకలు దగ్గర పెట్టుకోండి. చేలో జేసీబీ దింపే ముందు కేబులు ఉందేమో కనుక్కోండి. టవరు పెట్టిస్తాం, ముందు ఫీజు కట్టమనేవాడికి పైసా ఇవ్వకండి. అలాంటివాళ్లు మోసగాళ్లని టెలికాం శాఖ ఎన్నోసార్లు హెచ్చరించింది.

మార్కెట్ ధర తెలియాలన్నా, పట్నంలో ఉన్న పిల్లలతో మాట్లాడాలన్నా మనకూ ఫోను కావాలి. కేబులు వద్దనడం లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మన హక్కు మనమే అడుగుదాం, ఒక్కొక్కరుగా కాక ఊరంతా కలిసి.