అక్షరాలకి కౌలా?

మా కంభంలో ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్తే షాపులో మొదటి ప్రశ్న ‘ఇంటెలా, ఏఎమ్‌డీనా?’ రెండు పేర్లున్నాయి కాబట్టి పోటీ ఉన్నట్టే అనుకుంటాం. నేనూ చాన్నాళ్లు అలాగే అనుకున్నాను.

అసలు ఆ రెండో పేరు అక్కడికెలా వచ్చింది? చిప్పుల కోసం ఒకే కంపెనీ మీద ఆధారపడనని ఐబీఎమ్ పట్టుబట్టింది కాబట్టి, 1982లో ఇంటెల్ తన డిజైన్లు ఏఎమ్‌డీతో పంచుకోడానికి ఒప్పుకుంది. 386 దగ్గరికొచ్చేసరికి పంచుకోనంది. 1987లో మొదలైన తగువు 1995 దాకా సాగింది. ఇప్పుడు ఇద్దరూ ఒకరి పేటెంట్లు ఒకరు వాడుకుంటారు. మరి మూడోవాడు రావాలంటే తలుపెక్కడ?

2009లో యూరోపియన్ కమిషన్ ఇంటెల్‌కి 106 కోట్ల యూరోల జరిమానా వేసింది. అదే ఏడాది ఇంటెల్ ఏఎమ్‌డీకి 125 కోట్ల డాలర్లిచ్చి రాజీ పడింది. రిబేట్ల విషయంలో 2022లో కోర్టు ఆ జరిమానా కొట్టేసింది, దాచడం ఎందుకు! కానీ హెచ్‌పీ, ఏసర్, లెనోవోలకి డబ్బిచ్చి ఏఎమ్‌డీ చిప్పులున్న కంప్యూటర్లని ఆలస్యం చేయించడం, ఆపించడం మాత్రం తప్పేనని తేలింది.

పక్కనే మార్కాపురం, పలకల ఊరు. రాయి తవ్విన కష్టానికీ, ఫ్రేము కట్టిన కూలికీ, పైన లాభానికీ డబ్బివ్వాల్సిందే. కానీ ఆ పలక మీద ‘అ, ఆ’ దిద్దినందుకు కూడా కౌలు కట్టమంటే? ప్రాసెసర్‌కి ఇన్‌స్ట్రక్షన్ సెట్ అలాంటి అక్షరమాలే. ఈ రెండూ కూడు, అది తీసుకురా, ఇది దాచు అనే ఆజ్ఞల జాబితా. సాఫ్ట్‌వేరంతా చివరికి ఆ అక్షరాల్లోకి దిగాల్సిందే. పేటెంటు గడువు ఇరవయ్యేళ్లే, నిజమే. ఈలోపు కొత్త ఆజ్ఞలు, వాటి మీద కొత్త పేటెంట్లు చేరుతూనే ఉంటాయి. తన ఆజ్ఞల్ని అనుకరించే వాళ్లకి ఇంటెల్ 2017లో బాహాటంగానే హెచ్చరిక రాసింది.

ఫోన్ల సంగతీ అంతే. క్వాల్‌కామ్ 2021లో నువియాని కొంటే, ఆ లైసెన్సు మీకు చెల్లదు, డిజైన్లు నాశనం చేయండంటూ ఆర్మ్ 2022లో కోర్టుకెక్కింది. 2024 డిసెంబరులో జ్యూరీ చాలావరకు క్వాల్‌కామ్ పక్షానే నిలిచింది. క్వాల్‌కామ్ కాబట్టి తట్టుకుంది. హైదరాబాదులో పదిమంది కలిసి పెట్టుకున్న కంపెనీ అయితే మొదటి నోటీసుకే షట్టర్ దించేది.

పరిశోధన ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అంటారు. పలక ధరలో తీసుకోండి, ఎవరొద్దన్నారు?

అక్షరాలకి కౌలు లేని రిస్క్-ఫైవ్ 2010లో బర్కిలీలో పుట్టింది. మద్రాస్ ఐఐటీ ‘శక్తి’ ప్రాసెసర్ దాని మీద కట్టిందే. 2018లో దాని చిప్పుల్ని అచ్చేసింది ఎవరనుకున్నారు, అమెరికాలోని ఇంటెల్ ఫ్యాక్టరీయే! నవ్వొస్తుంది గానీ, నేను అడిగేదీ అదే. అక్కడ కట్టింది తయారీకి, అక్షరాలకి కాదు.

2022లో కేంద్రం డిర్-వీ అంటూ రిస్క్-ఫైవ్ పథకం ప్రకటించింది. బాగుంది. ఇక మా ఊరి సర్కారు బడికి కంప్యూటర్లు కొనేటప్పుడు టెండర్లో అవి చేయాల్సిన పని రాయండి. కంపెనీ పేరు రాయకండి.