వేల్సు రాజుల వంశావళులు

వంశావళి యనగా పేరుల పట్టిక యనియు, పరీక్షకై వల్లింపదగినది యనియు మన విద్యార్థులు తలచుచుందురు. మాకట్లు తోచదు. వంశావళి యొక వాదము. దానిని వ్రాయించినవారెవరు, ఏ యవసరమునకై వ్రాయించిరి అని విచారింపక దానిని నమ్మరాదని మా యభిప్రాయము. మధ్యయుగమునందలి వేల్సు రాజుల చరిత్ర యిందులకు మంచి నిదర్శనము.

వేల్సు ఇంగ్లండునకు పడమట నున్న కొండల దేశము. పూర్వ మచ్చట ఇంటిపేరులు లేవు. ‘అప్’ అనగా కుమారుడు. హవెల్ కుమారుడగు ఓవైన్ ‘ఓవైన్ అప్ హవెల్’ అని పిలువబడెను. వారి ధర్మశాస్త్రము ననుసరించి తండ్రి భూమిని కుమారులు పంచుకొనుచుండిరి. హత్య జరిగినచో నపరాధధనమును బంధువులెల్లరు చెల్లింపవలసి యుండెను. కావున తాతముత్తాతల నెరుగుట వారికి వేడుక కాదు, జీవనాధారము. సామాన్యులు సహితము ఆరేడు తరములు చెప్పగలరని 12వ శతాబ్దాంతమున జెరల్డు అను మతాచార్యుడు వ్రాసెను. ఆయన పితామహుల వైపు నార్మనుడైనను, మాతామహి నెస్ట్ వేల్సు రాజపుత్రిక.

ఇక రాజుల సంగతి. 9వ శతాబ్దమున పొవిస్ రాజగు కంగెన్, తన ముత్తాత యగు ఎలిసెగ్ పేర నొక శిలాస్తంభమును నెలకొల్పెను. అది నేటికిని లాంగొలెన్ సమీపమున నున్నది. అక్షరములు మాత్ర మరిగిపోయినవి. 1696లో ఎడ్వర్డు లూయిడ్ అను పండితుడు వ్రాసికొన్న ప్రతివలననే మనకు దాని పాఠము తెలియుచున్నది. అందు పొవిస్ వంశము వోర్టిజెర్న్ రాజునకును, రోమను చక్రవర్తి మాక్సిముసు కుమార్తెకును ముడిపెట్టబడినది. కాని 829-30 ప్రాంతమున పొరుగు రాజ్యమగు గ్వినెద్‌లో రచింపబడిన బ్రిటనుల చరిత్ర యేమనుచున్నది? వోర్టిజెర్న్ దుర్మార్గుడట, పొవిస్ రాజుల మూలపురుషుడు ఒక దుష్టరాజు కొలువులోని సేవకుడట! ఒకే వంశమునకు ఇంట చక్రవర్తి, పొరుగింట సేవకుడు. వీనిలో నేది నిజమని మమ్ముల నడిగిన, రెండును 9వ శతాబ్దపు రాజ్యకలహమునకు సాక్ష్యములే కాని 4వ శతాబ్దమునకు కావందుము.

10వ శతాబ్దమున ఓవైన్ అప్ హవెల్ కొరకు కూర్చిన వంశావళులు, 1100 ప్రాంతపు వ్రాతప్రతిలో నిలిచియున్నవి. మొదట తండ్రి వంశము, వెనువెంటనే తల్లి ఎలెన్ వంశము. తల్లి వంశమేల? ఆమె దివెద్ రాజకుటుంబమునకు చెందినది. ఆ దేశముపై హక్కు చూపవలెను గదా! తండ్రి వంశము పైకి పోయి పోయి బెలి యను వానికిని, అతని భార్య అన్నాకును చేరును. ఆమె కన్య మరియమ్మకు బంధువని చెప్పుదురని అందే యున్నది. క్రైస్తవులమైన మాకును ఈ బంధుత్వము చిరునవ్వు తెప్పించుచున్నది. జెరల్డు కాలమున కవిగాయకులు రాజవంశములను ఆదాము వరకు నెక్కించుచుండిరి. అంత దూరపు వంశక్రమమును తన గ్రంథమున చేర్చుట తగదని ఆయన విడిచిపెట్టెను. ఆ వివేకము మాకు మిక్కిలి నచ్చినది.

అట్లని యంతయు కల్పన యని త్రోసివేయువారితోను మేమేకీభవింపము. పీటర్ బార్ట్రమ్ అను వాతావరణశాస్త్రజ్ఞుడు ఈ ప్రతులను ఒండొంటితో పోల్చి, 1974లో ఎనిమిది సంపుటములుగా వేల్సు వంశావళులను ప్రకటించెను. తెలిసిన తరమునుండి తెలియని తరమునకు మెట్టు మెట్టుగా నెక్కుట, సాక్ష్యము తెగినచోట నాగుట: ఇదియే పద్ధతి.

వంశావళి బలము నెరిగినవారిలో శత్రువులును గలరు. 1282 డిసెంబరులో కడపటి లెవెలిన్ రాజు హతుడయ్యెను. భార్య ఎలియనోరు అంతకు కొలది నెలల ముందే ప్రసవమున మరణించెను. మిగిలినది గ్వెన్లియన్ అను శిశువు. ఒకటవ ఎడ్వర్డు ఆమెను లింకన్‌షైరులోని సెంప్రింగాము కన్యాశ్రమమునకు పంపెను. ఆమె వివాహము లేక అచ్చటనే పెరిగి, 1337లో అచ్చటనే కన్నుమూసెను. ఆమె పేరుతో తండ్రి శాఖ ముగిసినది.