దివిసీమకు చేరని మూట

ఎండాకాలం చెరువు ఎండితే ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ఇంజనీరు లెక్కలో అది పూడిక, తోలుకుపోయే రైతుకు ఎరువు. అదే మట్టి వరదతో నెమ్మదిగా వచ్చి పొలంలో పరుచుకుంటే ఒండ్రు అని మురిసిపోతాం, ఇసుకతో కలిసి పైరు మీద పడితే మేట వేసిందని తిట్టిపోస్తాం. దాని తప్పేం లేదు, ఎక్కడ ఆగిందో అక్కడి పేరు దానికి.

ఆనకట్ట వెనక ఆగిన మట్టి కథ ఒకటుంది. అమెరికా వాయవ్య మూలన వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా అని ఓ నది ఉంది. ఒలింపిక్ కొండల్లో పుట్టి, డెబ్బై కిలోమీటర్లు నడిచి సముద్రంలో పడుతుంది. మన నదుల పక్కన వాగంత. కరెంటు కోసం దాని మీద 1913లో ఒక ఆనకట్ట, 1927లో ఇంకొకటి లేచాయి. చేపలు ఎక్కిపోయే దారి ఏ ఒక్కదానికీ పెట్టలేదు. గుడ్లు పెట్టడానికి కడలి నుంచి ఎదురీదే సాల్మన్ చేపలకు ఎనిమిది కిలోమీటర్ల దగ్గరే గోడ అడ్డొచ్చింది. ఈ నష్టం అందరికీ కనబడింది.

నది మోసుకొచ్చే కొండమట్టి సంగతి అంత తొందరగా కనబడలేదు. రెండు కోట్ల ఘనపు మీటర్లకు పైగా జలాశయాల అడుగున కూర్చుండిపోయింది. అలలు మాత్రం ఒడ్డును కోయడం మానలేదు. నదీముఖంలో ఇసుక కొట్టుకుపోయి గులకరాళ్లు తేలాయి. తరతరాలుగా అక్కడే ఉంటున్న క్లాలమ్ తెగవాళ్లు ఆల్చిప్పలు ఏరుకునే తావులు పోయాయి.

1992లో నదిని మళ్లీ బాగుచేయాలని చట్టం వచ్చింది. గోడలు దించడం మాత్రం 2011లో మొదలై 2014లో ముగిసింది. చేపలు ఏరెక్కే రోజుల్లో పని ఆపుతూ, అంచెలంచెలుగా దించారు. మట్టి ఒక్కుమ్మడిగా దిగితే వాటికి ఊపిరాడదు మరి. మొదటి అయిదేళ్లలోనే మూడింట రెండు వంతుల మట్టి కదిలింది, కదిలినదాంట్లో చాలా భాగం సముద్రం దాకా వెళ్లింది. నదీముఖంలో పదుల హెక్టార్ల కొత్త నేల, పాయలు, మడుగులు ఏర్పడ్డాయి. ఇసుకను నమ్ముకున్న చిన్న చేపలు, పీతలు వచ్చాయి. అన్నీ శుభాలేం కాదు. బురదనీటిలో వెలుగందక సముద్రపు నాచు చాలామేర చచ్చింది, నీరు తేరుకున్నాకే మళ్లీ తల ఎత్తింది.

నీళ్లు దిగిన జలాశయంలో ఒక బండ బయటపడింది. తమను దేవుడు సృష్టించిన చోటని క్లాలమ్ పెద్దలు చెప్పుకుంటూ వచ్చిన బండ అది. దాదాపు వందేళ్లు నీళ్ల కిందే ఉంది. 2023లో ఆ తెగవాళ్లు నదిలో మళ్లీ సాల్మన్ పట్టారు.

ఇక మన సంగతికొస్తే, శ్రీశైలం జలాశయం కట్టిన కొత్తలో 308 టీఎంసీలు పట్టేది. పూడిక వల్ల 215కు దిగిందన్నది తరచూ వినే లెక్క. తగ్గిన చోటంతా కృష్ణమ్మ తాను సముద్రంలో కలిసేచోట ఉన్న దివిసీమకు మోసుకుపోవాల్సిన మూటే. సాగు, కరెంటు ఆ జలాశయం మీద ఆధారపడి ఉండగా ఎల్వా దారి పట్టమని ఎవరూ అనరు, మేమూ అనం. నిల్వ తగ్గిందన్న బెంగ మాత్రం రెండు తెలుగు రాష్ట్రాలకూ ఉంది. ఆ మట్టి ఎవరికి అందకుండా పోయిందో ఆ మాటల్లో వినబడదు. హంసలదీవి దగ్గర మడచెట్లు వేళ్లూనుకునేది ఆ ఒండ్రులోనే.