వంగితే ముక్కులోంచి నీళ్లు... జలుబేనా?

"ముగ్గు వేద్దామని వంగితే చాలు, కుడి ముక్కులోంచి టపటపా నీళ్లు పడుతున్నాయి. దానికి తోడు తలనొప్పి. మూడు నెలలుగా జలుబు మాత్రలు మింగుతున్నాను, ఆవిరి పడుతున్నాను. గుణం లేదు" అని సికింద్రాబాద్ నుంచి ఒక సోదరి రాశారు.

అమ్మా, మామూలు జలుబైతే వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. ఎలర్జీ అయితే సాధారణంగా రెండు ముక్కులూ కారతాయి, తుమ్ములూ దురదా ఉంటాయి. ఒకే వైపు నుంచి, వంగినప్పుడల్లా, మంచినీళ్లలా పడుతోందంటే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. కంగారు పడకండి, కానీ వాయిదా కూడా వేయకండి.

మెదడుకీ ముక్కు పైభాగానికీ మధ్య ఉన్న ఎముక చాలా పల్చన. తలకు దెబ్బ తగిలినప్పుడు, ఒక్కోసారి ముక్కు ఆపరేషన్ తర్వాత, అక్కడ చిన్న రంధ్రం పడుతుంది. ఏ దెబ్బా లేకుండానే, తలలో ఒత్తిడి పెరిగి, లావుగా ఉన్న నడివయసు స్త్రీలలోనే ఇది ఎక్కువగా వస్తుంటుంది. పడుకుంటే ఆ నీరు గొంతులోకి దిగి ఉప్పగా అనిపిస్తుంది. లేచి కూర్చుంటే తలనొప్పి ఎక్కువై, పడుకుంటే తగ్గడం కొందరిలో ఉంటుంది. చీమిడి అంటిన చేతిరుమాలు ఆరాక బిరుసెక్కుతుంది, ఈ నీటికి అలా బిరుసెక్కదు. ఇది అనుమానానికే తప్ప నిర్ధారణకు పనికిరాదు. గ్లూకోజ్ పట్టీ ముంచి చూసే పాత పద్ధతినీ నమ్మలేం. డాక్టరు ఆ నీటిని సీసాలో పట్టి బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ అనే పరీక్షకు పంపుతారు, స్కాన్ తీయిస్తారు.

ఎందుకింత హడావుడి అంటారా? నీరు కిందికి దిగే దారినే క్రిములు పైకి ఎక్కి మెదడు పొరల వాపు రావచ్చు. జ్వరం, మెడ బిగుసుకోవడం, వాంతులు కనబడితే రాత్రయినా సరే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. దెబ్బ వల్ల వచ్చినది చాలాసార్లు విశ్రాంతితోనే మూసుకుపోతుంది. లేకపోతే ముఖం మీద కోత లేకుండా, ముక్కులోంచే దుర్భిణి పంపి అతుకు వేస్తారు. అందాకా ముక్కు గట్టిగా చీదకండి, నీళ్ల బకెట్లు మోయకండి. ఎవరో చెప్పారని జలనేతి మొదలుపెట్టకండి.

మిగతా రంగుల సంగతీ చెబుతాను. చిక్కగా పచ్చగా వస్తూ బుగ్గలు నొప్పెడితే సైనస్ కావచ్చు. పది రోజులు దాటినా, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టినా డాక్టరుకు చూపించండి. ఒక వైపే దుర్వాసన వస్తే పై దవడ పన్ను పుచ్చిందేమో చూడాలి. చిన్నపిల్లల్లో అయితే శనగగింజో, పూసో దూర్చుకుని ఉంటారు! బటన్ బ్యాటరీ అయితే మాత్రం గంటలు కూడా ఆగకూడదు.

షుగరు అదుపులో లేనివారికి నల్లగానో, నెత్తురు కలిసో వస్తూ, బుగ్గ మొద్దుబారి, కన్ను వాచితే ఆ రోజే వెళ్లాలి. 2021 మేలో బ్లాక్ ఫంగస్ అని హడలెత్తించింది ఇదే. అప్పుడు కోఠీ ఈ.ఎన్.టి. ఆస్పత్రిని దానికే కేటాయించారు, కోవిడ్ కూడా ఉన్నవారికి మీ ఊరి గాంధీ ఆస్పత్రిలో వైద్యం చేశారు. అది కోవిడ్‌కు ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఒకరి నుంచి ఒకరికి మాత్రం అంటదు.

ఉత్తరం రాసిన సోదరీ, మీరు ఈ వారమే ముక్కు-చెవి-గొంతు డాక్టరు దగ్గరకు వెళ్లండి. "జలుబు" అని మొదలుపెట్టకండి. "కుడి వైపే, వంగితేనే, నీళ్లలా" అని చెప్పండి.