ముత్తైదువ చావు, ఒక కాగితం

"అదృష్టవంతురాలు, పసుపు కుంకుమలతో పోయింది." భర్త కంటే ముందు భార్య చనిపోతే మన ఇళ్ళల్లో వినపడే మాట ఇది. శవం ముందు నిలబడి అదృష్టం అనడానికి ఎవరికీ నోరు వణకదు. అదే భర్త ముందు పోతే, ఆయన అదృష్టవంతుడని ఎవరూ అనరు. మిగిలిపోయిన ఆమెది దురదృష్టం అంటారు. పోయినా ఆమె లెక్కే, మిగిలినా ఆమె లెక్కే!

మా వీధి చివర ఒక మాజీ హవల్దారు ఉన్నాడు. వయసు 82. మూడేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది. భార్యకు 76. మోకాళ్ళు అరిగిపోయాయి. అయినా ఆయనకు ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, జావ పట్టడం అన్నీ ఆమే. పెళ్ళయి 59 ఏళ్ళు.

పోయిన శ్రావణమాసంలో వాయనం ఇవ్వడానికి వచ్చిన బంధువు ఒకామె, "నీకు ముత్తైదువ చావు రావాలని అమ్మవారికి మొక్కుకున్నాను వదినా" అందట. ఈమె కోపం తెచ్చుకోలేదు. "నేను ముందు పోతే ఈయనకు పక్క ఎవరు మారుస్తారే?" అని అడిగింది. వచ్చినామె దగ్గర సమాధానం లేదు. ఏ వ్రతకథలోనూ లేదు కనక ఆమె దగ్గరా లేదు.

మిత్రులారా, సుమంగళి భావజాలం మీద మనం ఎన్నో సభల్లో మాట్లాడాం, కరపత్రాలు పంచాం. అవన్నీ చెప్పలేకపోయింది ఆమె ఒక్క ప్రశ్నలో చెప్పింది. ప్రేమ ఉన్న మనిషి ముందు పోవాలని కోరుకోదు. తనకంటూ పని ఉన్నంతకాలం ఉండాలని కోరుకుంటుంది. ఏడేడు జన్మల బంధం అనేవాళ్ళు ఈ జన్మలో రాత్రి రెండు గంటలకు లేచి తడి గుడ్డ మార్చే పని గురించి మాట్లాడరు.

అయితే ఈ కోరిక ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చూడాలి. పాతకాలపు స్త్రీ తెలివితక్కువదై ముత్తైదువ చావు కోరుకోలేదు. భర్త పోతే తలమీద జుట్టు పోయేది, కట్టుకునే బట్ట మారేది, తినే పూటలు తగ్గేవి. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపిస్తే ఊరు ఊరంతా ఆయన మీద పడింది. 1937 చట్టం వితంతువుకు భర్త ఆస్తిలో వాటా ఇచ్చింది గానీ, అది బతికున్నంతకాలం అనుభవించే హక్కు మాత్రమే. సంపూర్ణ హక్కు రావడానికి 1956 హిందూ వారసత్వ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో భర్త కంటే ముందు పోతే బాగుండుననుకోవడం భక్తి కాదు, భయం. ఆ భయానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, వ్రతం అని పేరు పెట్టారు. మూఢనమ్మకం ఆకాశం నుంచి ఊడిపడదు. దాని వేరు అన్నం కుండలో ఉంటుంది.

ఆ వేరును కొంతవరకైనా తెంపింది ఫ్యామిలీ పెన్షన్. కేంద్ర ప్రభుత్వ నిబంధనల్లో లెక్క ఇలా ఉంటుంది. ఉద్యోగి రిటైరయ్యాక చనిపోతే ఏడేళ్ళ వరకు గానీ, ఆయనకు 67 నిండే వయసు వరకు గానీ, ఏది ముందైతే అంతవరకు చివరి జీతంలో 50 శాతం. ఆ తరవాత 30 శాతం. 2016 నుంచి కనీసం నెలకు 9,000 రూపాయలు, దానిమీద కరువు భత్యం. ఆమెకు 80 నిండితే ఇంకో 20 శాతం కలుస్తుంది. గొప్ప మొత్తమేం కాదు. కానీ కొడుకు మొహం వైపు, కోడలి చేతి వైపు చూడకుండా మందులు కొనుక్కోవచ్చు. మన సభలకంటే ఈ లెక్కే ఆ భయాన్ని ఎక్కువ తగ్గించిందని నా నమ్మకం.

ఇప్పుడు ఆ దంపతుల అసలు కథకు వస్తాను. హవల్దారు సర్వీసు రికార్డులో భార్య పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. పెళ్ళయిన కొత్తలో యూనిట్లో గుమాస్తా భార్య పేరు చెప్పమంటే, ఇంట్లో తను పిలుచుకునే పేరు చెప్పాడు ఆయన. కుర్రవాడు, కొత్త పెళ్ళికొడుకు, నోటికి ఆ పేరే వచ్చింది. ఆ ముద్దుపేరే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. రేపు ఆయన పోతే, కాగితం మీద ఉన్న భార్యా, ఇంట్లో ఉన్న భార్యా ఒకటేనని ఈమే రుజువు చేసుకోవాలి.

సవరణకు దరఖాస్తు పెట్టి పదకొండు నెలలైంది. అఫిడవిట్, ఆధార్, పాన్ అన్నీ జతచేశాం. మూడుసార్లు వెనక్కి వచ్చింది. ఒకసారి సంతకం రికార్డుతో కలవలేదని. పక్షవాతం వచ్చిన చేతి సంతకం పాతికేళ్ళనాటి సంతకంతో ఎలా కలుస్తుంది? మంచం మీద ఉన్న పెన్షనరు డబ్బు తీసుకోవడానికి వేలిముద్ర చాలని, చెయ్యి పనిచేయకపోతే కాలి వేలి ముద్ర అయినా ఇద్దరు సాక్షులతో సరిపోతుందని రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. బ్యాంకుకు అర్థమైన మానవత్వం పక్క బల్లకు అర్థం కాదు. సావిత్రి కథ అబద్ధమే అనుకోండి, అందులో యముడు కనీసం ఎదురుగా నిలబడి జవాబిచ్చాడు!

నేనూ ఆ బల్లకు అవతలవైపు కూర్చున్నవాణ్ణే. మిలిటరీ పెన్షన్ కాగితాలు తనిఖీ చేసే ఉద్యోగం. 1990ల్లో ఒక వితంతువు దరఖాస్తు, పేరులో ఒక అక్షరం తేడా ఉందని, నా చేత్తోనే వెనక్కి పంపాను. నిబంధన ప్రకారం నాది తప్పు కాదు. ఆ దరఖాస్తు మళ్ళీ నా బల్లమీదికి రాలేదు. అప్పట్లో నాకది ఒక పెండింగ్ తగ్గడం. ఇవాళ ఈ అక్కయ్యగారి కాగితాలు నింపుతుంటే ఆ అక్షరం గుర్తొస్తోంది.

తనిఖీ లేకపోతే దొంగ పెన్షన్లు రావా అని అడుగుతారు. వస్తాయి. జమాఖర్చులు చూసినవాడిగా తనిఖీ వద్దని అనను. కానీ తేడా కనపడితే తేల్చాల్సిన బాధ్యత, గడువు కార్యాలయానికి ఉండాలి. ఎటూ తేలని మొత్తాలను పెట్టుకోవడానికి జమాఖర్చుల్లో సస్పెన్స్ ఖాతా అని ఒకటి ఉంది. రూపాయికి ఉన్న ఆ సౌకర్యం ముసలామెకు ఎందుకు లేదు? తాత్కాలికంగా ఇచ్చి తరవాత సర్దుబాటు చేసుకోలేరా?

ఇది కూడా అదృష్టవంతుల సంగతే. ప్రభుత్వ ఉద్యోగి భార్య కాని వితంతువు మాటేమిటి? కేంద్రం తన వితంతు పెన్షన్ పథకంలో పేదరాలికి ఇస్తూ వచ్చిన వాటా నెలకు 300 రూపాయలు. ఫ్యాక్టరీ కార్మికుల పెన్షన్ పథకంలో కనీస మొత్తాన్ని 2014లో 1,000గా నిర్ణయించారు. ఈ మొత్తంతో బతకమని చెప్పి, ఆమె ముత్తైదువ చావు కోరుకుంటే నవ్వడం హేతువాదం కాదు.

మనవాళ్ళలో కొందరికి ఇదంతా "ఆఫీసు వ్యవహారం"లా కనపడుతుంది. దేవుడు లేడని నిరూపిస్తే చాలు, మిగతాది యూనియన్లు చూసుకుంటాయంటారు. గోరా, సరస్వతి గోరా దంపతులను గుర్తు చేసుకోండి. గర్భవతిగా ఉండి గ్రహణం చూసిన మనిషి ఆమె. గోరా 1975లో పోయారు. ఆమె 2006 దాకా, 31 ఏళ్ళు బతికి, నాస్తికోద్యమంలో ముందు నిలబడింది. మన దేశంలో ముత్తైదువ చావుకు అంతకంటే మంచి జవాబు నాకు తెలియదు. అయితే అలా బతకడానికి ధైర్యం ఒక్కటే చాలదు. చుట్టూ మనుషులుండాలి, పూట గడవాలి.

కాబట్టి ఒక మాట. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్ళే ప్రతి పెన్షనరూ, 80 దాటినవాళ్ళయితే అక్టోబరులోనే, ఆ రోజు ఇంకో పని కూడా చేయండి. పెన్షన్ ఆర్డరులో, ఆధార్‌లో, బ్యాంకులో భార్య పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయేమో చూడండి. లేకపోతే మీ చెయ్యి ఆడుతుండగానే సరిచేయించండి. చదువురాని పక్కింటివాళ్ళవి మీరు చూసిపెట్టండి. సత్యనారాయణ వ్రతం కంటే ఇది తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలం.

హవల్దారు రోజూ సాయంత్రం నన్ను చూడగానే వంకరపోయిన నోటితో ఒకే మాట అడుగుతాడు. "కాయితం?" రాలేదంటాను. ఆయన భార్య వైపు చూస్తాడు. ఆమె, "వస్తుందిలే, నువ్వు జావ తాగు" అంటుంది. తను పోయాక ఆమె ఎలా బతుకుతుందోనని ఆయన బెంగ. తను లేకపోతే ఆయన పూట ఎలా గడుస్తుందోనని ఆమె బెంగ. ఇద్దరి మధ్యా దేవుడు లేడు, జన్మలు లేవు. ఒక కాగితం మాత్రం ఉండాలి. అది ఇంకా రాలేదు.