ఇద్దరికీ ఒకే మౌంట్

దంపతుల్లో ఒకరు ఎపర్చరును, అనగా లెన్స్‌లో కాంతి ప్రవేశించే రంధ్రం వెడల్పును, అలవోకగా సరిచేయగలిగి, మరొకరు ఆటో మోడ్ దాటి ఎరగనప్పుడు ఏ కెమెరాలు కొనాలన్నదే మన ఈ సంచిక విషయం. 2008లో పానసోనిక్ లూమిక్స్ జీ1తో విపణిలోకి వచ్చిన మిర్రర్‌లెస్ పద్ధతి, అనగా లోపలి అద్దం లేకుండా సెన్సార్ గ్రహించిన దృశ్యాన్నే తెరపై చూపే విధానం, 2018లో నికాన్, కానన్‌ల ఫుల్‌ఫ్రేమ్, అనగా పెద్ద సెన్సార్ ఉండే, కెమెరాల్లోకీ వచ్చి క్రమంగా ప్రధాన మార్గమైనందున ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపిస్తోంది.

ఇద్దరి కెమెరాలనూ కలిపే సూత్రం మౌంట్, అనగా లెన్స్ బిగుసుకునే అమరిక. కానన్ ఆర్50, ఆర్6 మార్క్ 2 రెండింటిదీ ఆర్‌ఎఫ్ మౌంట్ కనుక ఒక్క 50 ఎంఎం లెన్స్ ఇద్దరికీ పనికొస్తుంది. అయితే ఆర్50 సెన్సార్ చిన్నది కావడంతో అక్కడ అది 80 ఎంఎం లెన్స్‌కు సమానమైన ఇరుకు దృశ్యాన్నే ఇస్తుంది. బ్యాటరీలు వేరు, ఒకరిది అయిపోతే మరొకరిది అక్కరకు రాదు. కానన్ పాత ఎం శ్రేణి కెమెరా చవకగా దొరికినా దానికి ఆర్‌ఎఫ్ లెన్సులు బిగియవు.

కొత్తవారికి చిన్నదైన ఆర్50 చాలునన్న వాదనతో (ఆ కొత్తవారు భార్యే అన్న ఊహతో అసలే) సంపాదకవర్గం ఏకీభవించదు. ఆర్50లో విలువలు మార్చే డయల్ ఒక్కటే ఉన్నందున షట్టర్ వేగం నుంచి ఎపర్చరుకు మారడానికి మరో బటన్ వెతకాలి. ఆర్6 మార్క్ 2లో ఒక్కోదానికి ఒక్కో డయల్ ఉండటంతో, బరువెక్కువైనా, నేర్చుకునే చేతికి అదే సులువు.